పక్కింటావిడ సంచి

గరిటమ్మకు ఆ పేరు పెట్టింది ఆసుపత్రి క్యాంటీను. నల్లజుట్టుతో అక్కడ వంటపనిలో చేరి, తెల్లజుట్టుతో బయటికొచ్చిన మనిషి. ఆవిడ చేతిలో గరిటె ఉన్నంతకాలం రోగి అయినా, రోగి బంధువైనా, పెద్ద డాక్టరైనా వరసలో నిలబడాల్సిందే. "ఇంకాస్త వెయ్యమ్మా" అన్నవాళ్ళకు కొసరి కొసరి వేసేది. "ఇదేం కూర?" అన్నవాళ్ళకు మాత్రం ఆవిడ చూసే చూపుతోనే కడుపు నిండిపోయేది.

పని మానేశాక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. కొడుకూ కోడలూ రెండు వీధుల అవతలే ఉంటారు. తమ దగ్గరికి వచ్చెయ్యమన్నారు కూడా. "ఒక ఒరలో రెండు కత్తులైనా ఇముడుతాయేమో గాని, ఒక పొయ్యి దగ్గర రెండు గరిటెలు ఇమడవు నాయనా" అని తన రెండు గదుల్లోనే ఉండిపోయింది. ఉండి ఏం చేస్తుంది? కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. చివరికి పక్క వీధిలోని పాత సైకిళ్ళ షెడ్డులో శుక్రవారం శుక్రవారం ఏవో సంచులు కడుతున్నారని విని, చూసొద్దామని వెళ్ళింది. అక్కడెవరో నూనె ప్యాకెట్ల మీద బంగాళాదుంపలు కుమ్మరిస్తున్నారు. "ఏమయ్యా, అడుగున పెట్టేదేది, పైన పెట్టేదేది తెలియదా?" అని ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుతోనే జీతం లేని ఉద్యోగంలో చేరిపోయింది.

ఆ షెడ్డు నడిపేది రిటైరైన డ్రాయింగు మాస్టారు. రాబడి లేని ముసలివాళ్ళ ఇళ్ళకు వారానికో సంచి సరుకులు చేర్చడం ఆయన పెట్టుకున్న పని. బియ్యం, పిండి, పప్పు, నూనె, ఉల్లిపాయలు, టీపొడి, ఓ సబ్బు, ఎప్పుడైనా ఓ బిస్కట్ల పొట్లం. దాతలు ఇస్తారు, వీళ్ళు కడతారు, కట్టినవాళ్ళే మోసుకెళ్ళి ఇస్తారు. గరిటమ్మకు ఒక చక్రాల బండి ఇచ్చారు. ఆవిడ దాన్ని ఆసుపత్రిలో భోజనాల బండి తోసినంత హుందాగా లాక్కుంటూ వెళ్ళేది.

ఆ పనిలో ఆవిడకు ఒకటే కష్టం. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ జాలిగా చూసి, "ఈవారం ఏమిచ్చారు పిన్నిగారూ?" అని అడిగేవాళ్ళు.

"ఇచ్చేదాన్ని నేను! తీసుకునేదాన్ని కాదు!" అని వీధంతా వినబడేలా చెప్పి, బండిని ఒక్క గుంజు గుంజి వెళ్ళిపోయేది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ ఎవరిచేతా మాటపడేది కాదు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం మాస్టారు కొత్త ఇల్లు ఒకటి అప్పజెప్పాడు. "పచ్చ గేటు భవనం, మూడో అంతస్తు. మెట్లెక్కాక ఎడమచేతి వైపు చివర్నుంచి రెండో తలుపు. ఆ ఇంటావిడ పేరు పెట్టి పిలవొద్దంది. గట్టిగా మాట్లాడొద్దని కూడా అంది."

"అలాగే. నేనెప్పుడు గట్టిగా మాట్లాడాను?" అని గరిటమ్మ అరిచింది.

మూడంతస్తులూ ఎక్కి, ఆయాసం తీర్చుకుని, తలుపు తట్టింది. లోపల గొలుసు చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక కన్ను, సగం ముక్కు, పావు మూతి కనిపించాయి. ఆ పావు మూతి చాలు గరిటమ్మకు. అది సాక్షాత్తూ ఆవిడ వియ్యపురాలిది. కోడలిని కన్న తల్లిది.

వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పిల్లల పెళ్ళయిన కొత్తలో రెండు కుటుంబాలూ కలిసి భోంచేసినరోజు మొదలైంది గొడవ. వంటంతా గరిటమ్మే చేసింది. బంధువులందరి ముందు వియ్యపురాలు ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, "వదినగారి వంట తింటుంటే మంచం పక్కన సెలైన్ సీసా వేలాడుతున్నట్టే ఉంది" అంది. అందరూ నవ్వారు. గరిటమ్మ ఊరుకుంటుందా? వియ్యపురాలు సినిమా హాల్లో టికెట్లు అమ్మేది. "ఆరేడు వేళ్ళు పట్టే కంతలోంచి లోకాన్ని చూసినవాళ్ళకు రుచులెక్కడ తెలుస్తాయిలెండి" అంది. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు. అంతే. ఆరోజు నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో కోడలే. "మీ అమ్మతో చెప్పు", "మీ అత్తగారితో చెప్పు" అని ఆ పిల్లను తపాలా డబ్బాను చేశారు. వియ్యపురాలు ఇల్లు మారిందని గరిటమ్మ విన్నది గాని, ఎక్కడికని అడగలేదు. అడిగితే కోపం తగ్గిందనుకుంటారని భయం.

ఇప్పుడు ఈ తలుపు సందులో ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోయారు.

ముందుగా తేరుకున్నది వియ్యపురాలే. కంతలోంచి మాట్లాడటం ఆవిడకు కొత్తా? "ఎవరు కావాలి?" అంది, హౌస్‌ఫుల్ అయిందని చెప్పే గొంతుతో.

"సరుకుల సంచి..." అంది గరిటమ్మ.

"ఓ, అదా! అది పక్కింటావిడది. పాపం లేనిది. ఇప్పుడు బయటికెళ్ళింది. సంచి వస్తే తీసి పెట్టమంది."

గరిటమ్మ పక్క తలుపు వైపు చూసింది. దానికి తుప్పుపట్టిన తాళం. తాళానికీ గడియకీ మధ్య సాలెపురుగు నింపాదిగా కాపురం పెట్టి ఉంది.

ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన క్షణం ఒళ్ళో వచ్చి పడింది. నోరు తెరిచింది కూడా. కాని ఆ జానెడు సందులోంచే లోపలి అలమర ఒకటి కనబడింది. దాని మీద డబ్బాలు వరసగా, తళతళలాడుతూ ఉన్నాయి. సరుకు పోసి తీసే డబ్బా అలా మెరవదు, మూత చుట్టూ ఎప్పుడూ కాస్త పిండో పప్పు పొట్టో అంటుకునే ఉంటుంది. ఇవి తుడవడానికి తప్ప దేనికీ వాడటం లేదు.

తెరిచిన నోరు మూసుకుని, మళ్ళీ తెరిచింది గరిటమ్మ. "సరే. పక్కింటావిడకు చెప్పండి, నూనె ప్యాకెట్ మూల కాస్త చెమర్చింది. రాగానే సీసాలో పోసుకోమనండి."

"చెప్తాను" అంది వియ్యపురాలు. సంచి సందులోంచి పట్టలేదు. గొలుసు తియ్యాల్సి వచ్చింది. తీసింది, లాక్కుంది, మళ్ళీ వేసుకుంది.

మెట్లు దిగుతూ గరిటమ్మ తనను తానే తిట్టుకుంది. "వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకున్నావే మొద్దూ! ఒక్క మాట అనలేకపోయావా?" కింది మెట్టు దాకా తిట్టుకుంది గాని, కోడలితో మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.

మరుసటి శుక్రవారం తలుపు తియ్యగానే వియ్యపురాలు అంది, "పక్కింటావిడ చెప్పమంది. బియ్యంలో రాళ్ళున్నాయట."

"ఆవిడకు పళ్ళున్నాయా?"

"అన్నీ ఉన్నాయి."

"అయితే అదృష్టవంతురాలే. ఏరుకోమనండి."

అన్నదే గాని, ఆ తర్వాతి వారం షెడ్డులోంచి సంచి ముందు తనింటికే తీసుకెళ్ళి, చేటలో బియ్యం పోసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఏరుతున్నంతసేపూ గొణుగుతూనే ఉంది. "రాళ్ళట రాళ్ళు! మహారాణికి!"

అలా వారం వారం పక్కింటావిడ ఒక మనిషిగా తయారైంది. ఆవిడకు టీ లేనిదే పొద్దుపోదు. ఆవిడకు మోకాళ్ళు దిగడానికి మాట వింటాయి గాని ఎక్కడానికి వినవు. బంగాళాదుంపలు పడవు, తింటే కడుపుబ్బరం. గరిటమ్మ విని, "ఆవిడకన్నీ నాజూకే" అని, పక్క సంచిలోంచి ఉల్లిపాయలు మార్చి తెచ్చేది. కొన్నాళ్ళకు తన వంటింట్లోంచి ఓ చిన్న టిఫిన్ డబ్బా కూడా సంచిలో పెట్టసాగింది. "ఇది షెడ్డుది కాదు. మిగిలింది, పారెయ్యలేక తెచ్చాను. పక్కింటావిడకు ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు."

డబ్బా మరుసటివారం తోమి, తుడిచి తిరిగొచ్చింది. "పక్కింటావిడ బాగుందంది" అంది వియ్యపురాలు, గోడ వైపు చూస్తూ. ఆ మాట చెప్పడానికి ఆవిడకు మూడంతస్తులు ఎక్కినంత ఆయాసం వచ్చింది.

ఇంకో రోజు సంచి అందుకున్నాక కూడా తలుపు వెయ్యలేదు. కాసేపు గొలుసును అటూ ఇటూ ఆడించి, "పక్కింటావిడ కాస్త నోటిదురుసు మనిషి" అంది.

"విన్నాను" అంది గరిటమ్మ.

"ఎప్పుడో ఎవరినో నలుగురిలో ఒక మాట అందట. ఇప్పుడు అనుకుంటుంది, అనకుండా ఉంటే పోయేదని."

గరిటమ్మ బండి చక్రాన్ని కాలితో ముందుకూ వెనక్కూ తోసింది. "ఆ ఎవరో కూడా తక్కువది కాదట. తిరిగి ఇంకో మాట అందట. చెల్లుకు చెల్లు అని చెప్పండి ఆవిడకు."

"చెప్తాను."

"చెప్పండి" అని గరిటమ్మ ఆరోజు మెట్లు కాస్త తేలిగ్గా దిగింది.

అంతా ఇలాగే సాగిపోయేదేమో. కాని దాతల ఆఫీసు వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. తామిచ్చే సరుకులు ఎవరికి అందుతున్నాయో ఫోటోలు తీయించి లోకానికి చూపించాలని. అందుకు మెడలో కెమెరా వేసుకున్న ఒక యువకుణ్ణి పంపారు. ఆ సంగతి మాస్టారు చెప్పడం మర్చిపోయాడు.

గరిటమ్మ పచ్చ గేటు భవనంలో సంచి భుజానికెత్తుకుని మూడో అంతస్తు చేరేసరికి, వెనకాలే ఆయాసపడుతూ ఆ కెమెరా అబ్బాయీ ఎక్కాడు. తెల్లజుట్టు, భుజాన సంచి. ఇంకేం కావాలి అతనికి?

"పెద్దమ్మగారూ, సంచి అందిందా? ఈ అంతస్తులో ఉండే పెద్దావిడ మీరేనా?"

గరిటమ్మకు ఒళ్ళు మండింది. ఎప్పుడూ చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ కళ్ళు వియ్యపురాలి గుమ్మం ముందున్న చెప్పుల మీద పడ్డాయి. ఎర్రపట్టీల చెప్పులు, ఒకదాని పట్టీ మీద తెల్ల దారంతో కుట్టు. కోడలివి. ఆ కుట్టు వేసింది గరిటమ్మే.

అంటే కూతురు లోపలుంది. తలుపు జానెడు తెరిచే ఉంది. ఆ సందులో వియ్యపురాలి కన్ను, రెప్ప వెయ్యకుండా ఉంది. ఎన్నో ఏళ్ళు ఎంతమందినో టికెట్లు అయిపోయాయని తిప్పి పంపిన కన్ను ఇప్పుడు బతిమాలుతోంది. లోపల్నుంచి కోడలి గొంతు వినబడింది, "ఎవరమ్మా?" అని.

"ఎవరూ లేరే, పక్కింటికి ఎవరో వచ్చారు" అంది వియ్యపురాలు.

కెమెరా అబ్బాయి ఆ తలుపు వైపు అడుగు వేశాడు. గరిటమ్మ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"అటెక్కడికి? నేనే ఆ పెద్దావిణ్ణి. సంచి నాదే."

"చాలా సంతోషం! ఇలా వెలుతురులోకి రండి. సంచి గుండెలకు హత్తుకోండి. ఆఁ, అలాగ. కాస్త దిగులుగా చూడండి."

"దిగులుగానా? ఎందుకు?"

"దిగులుగా ఉంటేనే చూసినవాళ్ళకు ఇవ్వాలనిపిస్తుందండీ."

దిగులు ఎలా పెట్టాలో ఆవిడకు తెలియలేదు. ఒకప్పుడు పై అధికారులు వచ్చినరోజే క్యాంటీనులో అడుగంటిపోయిన పెద్ద గుండిగెడు అన్నం గుర్తు తెచ్చుకుంది. వెంటనే మొహం అలా వచ్చేసింది.

"అద్భుతం!" అన్నాడతను. "నలుగురికీ కనబడేలా పెడతాం. అభ్యంతరం లేదుగా?"

"ఎక్కడైనా పెట్టుకో నాయనా, ముందు మెట్లు దిగు!"

అతను మాట నిలబెట్టుకున్నాడు. పది రోజులు తిరక్కుండా బస్టాపు గోడ మీద మనిషెత్తు పోస్టరు పడింది. అందులో సంచిని కావలించుకుని, లోకంలోని అన్నమంతా మాడిపోయినట్టు చూస్తూ గరిటమ్మ. కింద పెద్ద అక్షరాలతో, "ఈ తల్లికి ఎవరున్నారు?"

ఆమెకు ఎవరున్నారో ఆ సాయంత్రమే తెలిసింది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కొడుకు బస్సు దిగి, పోస్టరు చూసి, తన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, నేరుగా తల్లి ఇంటికి వచ్చాడు. వెనక కోడలు.

"అమ్మా, నీకు ఎవరున్నారమ్మా?" అన్నాడు.

గరిటమ్మకు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. నిజం చెబితే వియ్యపురాలి పరువు కోడలి ముందే పోతుంది. చెప్పకపోతే తన పరువు ఇప్పటికే గోడెక్కి కూర్చుంది. ఎలాగూ ఎక్కింది, ఉండనీ అనుకుంది.

"ఇస్తున్నారు, తీసుకుంటున్నాను. తప్పేంటి?" అంది.

"నువ్వా? ఇచ్చేదాన్నంటూ వీధివీధినా చెప్పేదానివి!"

"రెండూ చేస్తాను. ఒక చేత్తో ఇస్తాను, ఒక చేత్తో తీసుకుంటాను. రెండు చేతులున్నాయిగా."

కోడలు మెల్లగా వెళ్ళి వంటింటి డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. అవి నిండుగానే ఉన్నాయి. అయినా మర్నాటి నుంచి ఆ పిల్ల సరుకులు పంపడం మొదలుపెట్టింది. ఏమని? "అత్తయ్యా, కొట్టువాడు ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నాడు" అని పప్పు. "మా ఇంట్లో ఎవరూ తినట్లేదు" అని కొత్త పొట్లం చక్కెర. "దారిలో బరువనిపించి" అని పది కిలోల బియ్యం. అత్తగారి అభిమానం దెబ్బతినకుండా ఆ పిల్ల ఎన్ని అబద్ధాలు వెతుక్కుందో!

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, గరిటమ్మ ఆ సరుకులన్నీ బండిలో వేసుకుని వియ్యపురాలికి మోసింది. రెండు వారాలకు వియ్యపురాలు గొలుసు తీసి, తలుపు పూర్తిగా తెరిచి నిలబడింది.

"వదినగారూ, పక్కింటావిడ ఏనుగును పెంచడం లేదు" అంది. "ఇంత పప్పు ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"దాతలు పెరిగారు" అని గరిటమ్మ గబగబా మెట్లు దిగిపోయింది.

పోస్టరు సంగతి వియ్యపురాలికి అప్పటిదాకా తెలియదు. మోకాళ్ళ పుణ్యమా అని ఆవిడ వీధిలోకి వెళ్ళేదే తక్కువ. ఆరోజు వసారాలో ఫోటో తీస్తున్నారని తెలుసు గాని, అది ఏ గోడకెక్కిందో తెలియదు. చెప్పింది కూతురే. ఒకనాడు వచ్చి తల్లి పక్కన కూర్చుని, "అమ్మా, ఎవరితోనూ అనకు. మా అత్తయ్య ఉచిత సరుకులు తీసుకుంటోంది. పోస్టరు కూడా వేశారు. ఆయన బస్సు దిగినప్పుడల్లా తలొంచుకుని నడుస్తున్నాడు. నువ్వైతే సినిమా హాలువాళ్ళు నెలనెలా పంపేదానితో దర్జాగా బతుకుతున్నావు. ఆవిడ చూడు పాపం" అని కళ్ళు తుడుచుకుంది.

వియ్యపురాలు చేతిలోని టీ కప్పు కింద పెట్టింది. హాలువాళ్ళు ఏమీ పంపడం లేదు. హాలే లేదు. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు.

మరుసటి శుక్రవారం గరిటమ్మ బండి లాక్కుంటూ వస్తుంటే బస్టాపు దగ్గర జనం. ఏదో జరుగుతోందని మెడ చాచి చూసింది. బోర్లించిన పళ్ళ పెట్టె మీద నిలబడి, చేతిలో అట్లకాడతో, వియ్యపురాలు పోస్టరు గీకుతోంది. అప్పటికే గరిటమ్మ జుట్టు, నుదురు, ఒక కన్ను పోయాయి.

బస్సుల టైము చూసే ఆయన విజిల్ నోట్లోంచి తీసి మొత్తుకుంటున్నాడు. "దిగండి పెద్దమ్మా! గోడమీదవి పీకకూడదు!"

"ఎందుకు పీకకూడదు? ఈవిడ మా వదిన."

"ఎవరైనా సరే."

"నీకు వదిన లేదూ? మీ వదిన మొహం ఇలా గోడకెక్కిస్తే ఊరుకుంటావా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "ఊరుకుంటానండీ" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

గరిటమ్మ బండి వదిలేసి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "వదినా! దిగండి! పడతారు!"

"దిగను. ముక్కు దాకా వచ్చాను."

"అసలు మూడంతస్తులు ఎలా దిగారు?"

"దిగడానికేం, దిగుతాను. ఎక్కడం సంగతి తర్వాత చూద్దాం." వియ్యపురాలు జనం వైపు తిరిగి, అట్లకాడ ఎత్తి, హాలు ముందు చివరి వరసదాకా వినబడే గొంతుతో చెప్పింది. "వినండి! ఈ సంచి ఈవిడది కాదు. నాది! పక్కింటావిడా లేదు, ఎదురింటావిడా లేదు. వారం వారం తీసుకుంటున్నది నేను!"

"అబద్ధం!" అని గరిటమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. "ఆవిడకేం తక్కువ? హాలువాళ్ళు నెలనెలా పంపుతారు. సంచి నాది!"

"ఏ హాలు? అందులో సిమెంటు బస్తాలు పెట్టుకున్నారు! నాకెవరూ ఏమీ పంపరు. లేనిదాన్ని నేను!"

"కాదు, నేను!"

"మీకు ఆసుపత్రి పింఛనుంది వదినా! నాకది కూడా లేదు!"

"పింఛను మందులకే చాలదు!"

"ఏం మందులు? గుండ్రాయిలా ఉన్నారు! మీకే రోగముంది?"

"మీకు చెప్పాలా? లోపల ఉన్నాయి!"

వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఉందని కొట్టుకునేవాళ్ళను చూశాను గాని, లేదని కొట్టుకునేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా" అంది. ఓ పెద్దాయన మధ్యస్థం చెయ్యబోయాడు. "చెరిసగం తీసుకోండమ్మా." ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు తిరిగేసరికి వచ్చిన బస్సు ఎక్కేశాడు. అది ఆయన ఎక్కాల్సిన బస్సు కాదు.

ఆయన ఎక్కిన ఆ బస్సులోంచే కోడలు దిగింది. దిగీ దిగగానే ఆ పిల్లకు కనబడింది పళ్ళ పెట్టె మీద తల్లి, కింద ఆవిడ కాళ్ళు పడిపోకుండా గట్టిగా పట్టుకుని తిడుతున్న అత్త, వెనక గోడ మీద సగం మొహం. ఆఖరి మాటలన్నీ వినబడ్డాయి కూడా.

"అమ్మా" అంది. అంతే.

ఇద్దరూ కుక్కిన పేనుల్లా అయిపోయారు.

మూడంతస్తులూ ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ముందు కోడలు సంచితో, వెనక వియ్యపురాలు రెండు మెట్లకోసారి ఆగుతూ, ఆవిడ వెనక గరిటమ్మ పడితే పట్టుకుందామని చేతులు చాచి. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఎవరూ కూర్చోలేదు.

కోడలు అలమరలోని డబ్బాల మూతలు తీసి చూసింది. "పోయినవారం నాకు బిస్కట్లు పెట్టావు."

"సంచిలోవే" అంది తల్లి.

"ఒక్క మాట నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తెచ్చిపెడతావని."

"తెచ్చిపెడితే ఏమవుతుంది?"

"నీ కాపురంలోంచి వారం వారం పుట్టింటికి మూటలు మోస్తుంటే మీ అత్తగారు ఏమనుకుంటారు?"

ముగ్గురిలో ఇద్దరు మూడో మనిషి వైపు చూశారు. గరిటమ్మ కాదనబోయి ఆగింది. "అబద్ధమెందుకు? ఒకప్పుడైతే అనుకునేదాన్నే. అనుకోవడమేంటి, అనేదాన్ని కూడా" అంది.

కోడలికి ఏడుపొచ్చింది, అందులోంచే నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వస్తే ఏం చెయ్యాలో తెలియక తలుపుకు ఆనుకుంది. అప్పుడు మూలనున్న బస్తాలు కనబడ్డాయి. తను అత్తగారికి పంపిన బియ్యం, పప్పు, చక్కెర, కట్టిన దారం ముడి కూడా విప్పకుండా ఉన్నాయి.

"ఇవి నేను పంపినవి కదూ?"

"పప్పు కాస్త తీసుకెళ్ళవే" అంది తల్లి. "పురుగు పడుతుంది."

కొడుకు వచ్చేసరికి ముగ్గురూ మంచం మీద వరసగా కూర్చుని టీ తాగుతున్నారు. సంగతంతా విని అతను చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఎవరి మీద కోప్పడాలో తేలినట్టు లేదు. చివరికి, "అత్తయ్యా, మీరు మా ఇంటికి వచ్చెయ్యండి" అన్నాడు.

"వద్దు బాబూ" అంది వియ్యపురాలు. "మీ అమ్మ రాకపోవడానికి ఏ కారణమో, నాదీ అదే."

ఆ ఇంటి అద్దె సంగతి తాము చూసుకుంటామని కోడలు తేల్చి చెప్పింది. దానికి ఆవిడ చాలాసేపు బెట్టుచేసి ఒప్పుకుంది. సంచి దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. "అది మాననే మానను. అడిగి పెట్టించుకున్నది నేను. అందులో ఇప్పుడు దాపరికం కూడా లేదు, బస్టాపంతా విన్నది" అంది. మాస్టారు విని, దాతల ఆఫీసుకు ఫోన్ చేసి, ఎన్నడూ లేనిది గట్టిగా మాట్లాడి, మిగిలిన పోస్టర్లన్నీ తీయించాడు.

ఆ తర్వాతి శుక్రవారం గరిటమ్మ పచ్చ గేటు దగ్గరికి వచ్చేసరికి వియ్యపురాలు అప్పటికే కింద నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూసే చూపు చూస్తూ.

"ఇంతసేపా? ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయి?"

"మీకెందుకు? మీ సంచి తీసుకుని పైకి వెళ్ళండి."

"ఇప్పుడే దిగాను. మళ్ళీ ఎక్కడం నా వల్ల కాదు. సాయంత్రం ఎక్కుతాను. అప్పటిదాకా మీతో వస్తాను, పదండి."

గరిటమ్మ వద్దంది. వియ్యపురాలు బండి పిడి పట్టుకుంది. ముందు కుట్టుపని మామ్మ ఇంటికని ఒకరు, కాదు, క్షవరం షాపు తాత ఇంటికని ఇంకొకరు. బండి కాసేపు అటూ ఇటూ వెళ్ళింది. చివరికి ఇద్దరూ చెరో చెయ్యీ వేసి లాక్కుంటూ తాత ఇల్లు చేరారు. ఆయన తలుపు తీసి, ఆయాసపడుతున్న ఇద్దర్నీ చూసి, సంచి వైపు ఆశగా వంగాడు.

"ఏంటమ్మా, ఇద్దరు మోసుకొచ్చారు! ఈవారం అంత బరువేం పెట్టారు ఇందులో?"